పాట ఆగకూడదంటే...

వడియాల పక్కన సెల్స్ ఎండబెట్టిన రోజులు గుర్తున్నాయా? రేడియో గొంతు నీరసించిందంటే చాలు... వెనక మూత తీసి, సెల్స్ బయటికి లాగి, డాబా మీద ఎండలో వరసగా పేర్చేవాళ్లు. సాయంత్రం మళ్లీ వేస్తే ప్రాంతీయ వార్తలు అయ్యేదాకా, అదృష్టం బాగుంటే జనరంజని పూర్తయ్యేదాకా పలికేది. పిల్లలకి అదో వింత. పెద్దలకి రెండు రూపాయలు మిగిలిన సంబరం.

ఇప్పుడు ఎండలో పెడదామన్నా సెల్స్ ఎక్కడున్నాయి? చెవిలో శనగగింజంత ఇయర్‌బడ్, జేబులో ఫోను, టీవీ పక్కన పాత పాటల పెట్టె. అన్నిట్లోనూ బ్యాటరీని లోపలే బిగించేశారు. పాట మధ్యలో ఆగిపోకూడదన్న ఆరాటం మాత్రం ఏమీ మారలేదు. చిక్కల్లా ఒక్కటే. ఆ రోజుల్లో నేర్చుకున్న జాగ్రత్తల్లో సగం ఇప్పటికీ బంగారంలాంటివే. మిగతా సగం మాత్రం పాటని కాపాడాల్సింది పోయి దాని పీక నొక్కేస్తాయి. ఏది ఏ సగమో హబ్సిగూడలోని ఓ ఇంట్లో కాస్త ఆలస్యంగా తెలిసింది.

పక్కనే సెల్స్ ఫ్యాక్టరీ

ఓవైపు ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలు. మరోవైపు నాచారం పారిశ్రామికవాడ. మధ్యలో హబ్సిగూడ. శాస్త్రవేత్తలూ ఫ్యాక్టరీ ఉద్యోగులూ ఒకే వీధిలో పక్కపక్కనే ఇళ్లు కట్టుకున్న పేట ఇది. స్ట్రీట్ నంబర్ 8 నుంచి లోపలికి వెళ్లే సందుల్లో ఒకదాంట్లో ఉంటారా పెద్దాయన. వయసు డెబ్భై అయిదు దాటింది. నాచారంలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు.

ఆయన కొత్తగా కాపురం పెట్టిన 1970ల్లో ఇంట్లో ఉన్న ఖరీదైన వస్తువు ట్రాన్సిస్టర్ ఒక్కటే. అప్పట్లో ఈ ప్రాంతం వాళ్లకి బ్యాటరీ సెల్ అంటే కొట్లో దొరికే సరుకు మాత్రమే కాదు. నాచారం పక్కనున్న మౌలాలిలోనే ఎవరెడీ సెల్స్ తయారయ్యేవి. అటు నెల్లూరులో నిప్పో సెల్స్ ఫ్యాక్టరీ ఉండేది. అంటే తెలుగుగడ్డ మీద పుట్టిన సెల్స్ కూడా ఉండేవన్నమాట!

ఆ సెల్ నిర్మాణం చాలా సులువు. బయట జింకు డబ్బా, మధ్యలో కార్బన్ కడ్డీ, రెండింటి మధ్యా మాంగనీస్ డయాక్సైడ్ కలిపిన నల్లటి ముద్ద. కరెంటు ఇచ్చేకొద్దీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. కాసేపు విశ్రాంతి ఇస్తే ముద్దలోని పదార్థాలు మళ్లీ కొంత సర్దుకుంటాయి. వేడి తగిలితే చర్య వేగం పుంజుకుంటుంది. ఎండలో పెట్టిన సెల్ కాసేపు లేచి కూర్చునేది అందుకే. ఎండ నుంచి దాంట్లోకి కొత్త శక్తేమీ చేరదు. గిన్నె అడుగున మిగిలిన నాలుగు చుక్కల్నీ వంచి పోసుకోవడం లాంటిదే అదీ.

వాడనప్పుడు సెల్స్ తీసి పక్కన పెట్టడం ఇంకో అలవాటు. దానికీ కారణముంది. ఆ సెల్‌లో జింకు డబ్బానే కరిగి కరెంటునిస్తుంది. కరిగి కరిగి డబ్బాకి చిల్లు పడితే లోపలి రసం కారి రేడియో తీగల్నే తినేస్తుంది. వారం రోజులు ఊరెళ్తున్నామంటే సెల్స్ తీసి కాగితంలో చుట్టి అలమరలో పెట్టే ఇల్లాళ్లకి ఈ రసాయనశాస్త్రం తెలియదు. అయినా చేసింది మాత్రం నూటికి నూరుపాళ్లూ సరైన పని.

పెన్సిల్ తిప్పిన లెక్క

తర్వాత టేప్‌రికార్డర్ వచ్చింది. 1979లో సోనీ వాక్‌మన్ విడుదల చేశాక పాట నడుముకి వేలాడుతూ వీధిలోకి కూడా వచ్చేసింది. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు. కానీ క్యాసెట్‌తో ఓ తంటా ఉంది. సెల్స్‌ని ఎక్కువగా తినేది పాట కాదు, టేపుని తిప్పే మోటారు. అందులోనూ రివైండ్ బటన్ నొక్కితే మరీ ఎక్కువ. అందుకే క్యాసెట్ బయటికి తీసి, చక్రంలో పెన్సిలో బాల్‌పెన్నో దూర్చి గిరగిరా తిప్పేవాళ్లు. ఆ ఇంట్లో ఆ పని కొడుకుది. ఒక్కోసారి పందెం వేసుకుని మరీ తిప్పేవాడు. ఆడుతూ పాడుతూ సెల్స్ ఆదా!

అంతలో ఛార్జింగ్ పెట్టుకునే నికెల్ కాడ్మియం సెల్స్ వచ్చాయి. వాటికో వింత జబ్బు ఉండేది. ప్రతిసారీ ఒకేచోట, సగం వాడి ఆపేసి ఛార్జింగ్ పెడితే ఆ సగానికే అలవాటు పడిపోయేవి. దాన్నే మెమరీ ఎఫెక్ట్ అన్నారు. ‘పూర్తిగా అయిపోయాకే ఛార్జింగ్ పెట్టాలి, పెట్టాక నిండుగా నిండాలి’ అన్న సూత్రం అప్పుడే ఇళ్లలో పాతుకుపోయింది. బ్యాటరీలు మారినా సూత్రం మాత్రం మారలేదు. అసలు సమస్య అక్కడే మొదలైంది.

ఆ ప్లేయర్లో ఓ జోలపాట

2001 అక్టోబరులో యాపిల్ సంస్థ ఐపాడ్ తెచ్చింది. వెయ్యి పాటలు జేబులో పెట్టుకోవచ్చంది. ఒకసారి ఛార్జింగ్ పెడితే పది గంటలు పాడుతుందంది. లోపల చిన్న హార్డ్‌డిస్క్, దాన్ని నడపడానికి లిథియం బ్యాటరీ. ఊరికే తిరుగుతూ ఉంటే బ్యాటరీ ఇట్టే అయిపోతుంది కాబట్టి ఓ తెలివైన ఏర్పాటు చేశారు. డిస్క్ కాసేపు తిరిగి కొన్ని పాటల్ని ముందే 32 మెగాబైట్ల మెమరీలోకి లాగేసుకుని ఆగిపోతుంది. పాట మాత్రం మెమరీలోంచి వినిపిస్తూ ఉంటుంది. మాటిమాటికీ పాటలు మార్చేవాళ్లకి బ్యాటరీ తొందరగా అయిపోయేది అందుకే. ప్రతి నొక్కుకీ డిస్క్ మళ్లీ లేచి తిరగాల్సొచ్చేది. టేపు రివైండ్ చేయొద్దన్న పెద్దల మాటే మరో రూపంలో తిరిగొచ్చిందన్నమాట.

అసలు గొడవ ఏడాదీ రెండేళ్లకి బయటపడింది. బ్యాటరీ నీరసిస్తే వెనక మూత తీసి కొత్తది వేసుకునే వీలే లేదు. 2003లో న్యూయార్క్‌కి చెందిన నైస్టాట్ సోదరులు దీనిమీద తీసిన చిన్న వీడియో ప్రపంచమంతా చుట్టేసింది. అదే ఏడాది యాపిల్ 99 డాలర్లకి బ్యాటరీ మార్చే పథకం పెట్టింది. వాడకందారులు వేసిన దావా 2005లో రాజీతో ముగిసింది. ఆ ఐపాడ్ల తయారీకి యాపిల్ 2022 మే నెలలో పూర్తిగా స్వస్తి చెప్పింది.

హబ్సిగూడ ఇంటికి వచ్చింది ఐపాడ్ కాదు. అలాంటిదే, అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన ఎంపీత్రీ ప్లేయర్. 2008 సంక్రాంతికి అమెరికా నుంచి వస్తూ కొడుకు తెచ్చాడు. పాటలు వినడమే కాదు, మాట రికార్డు చేసుకునే బటన్ కూడా ఉంది. ఇల్లంతా చుట్టాలు, అరిసెల వాసన. రెండేళ్ల మనవరాలు పడుకోనని మారాం చేస్తుంటే నాయనమ్మ ఒళ్లో వేసుకుని జోకొడుతోంది. పెద్దాయన చప్పుడు చేయకుండా బటన్ నొక్కారు. ఆ రోజు రికార్డయిన వాటిల్లో రెండు గొబ్బిపాటలు, ఓ మంగళహారతి, ఆ జోలపాట ఉన్నాయి. జోలపాట చివర ఆవిడ గొంతు తగ్గించి ‘పడుకుంది... ఇక ఆపెయ్యండి’ అనడం కూడా వినిపిస్తుంది.

2015లో ఆవిడ కన్నుమూశారు. అప్పట్నుంచీ రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఆ పాటలు వినడం పెద్దాయనకి అలవాటైంది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. ఆ చిన్న పెట్టెలో తప్ప.

అతి జాగ్రత్త చేసిన పని

మరి అలాంటి వస్తువుని ఎలా చూసుకోవాలి? ఆయన తనకి తెలిసినంతలో కంటికి రెప్పలా చూసుకున్నారు. ఛార్జింగ్ తగ్గితే ఏమవుతుందోనన్న భయంతో ఇరవై నాలుగ్గంటలూ ఛార్జర్‌కి తగిలించే ఉంచేవారు. ప్లగ్ ఉన్నది పడమటి కిటికీ పక్కన. కాబట్టి ప్లేయర్ స్థానమూ అక్కడే. నెలకోసారి మాత్రం పాత సూత్రం గుర్తొచ్చి, పూర్తిగా అయిపోయి దానంతటదే ఆగిపోయేదాకా మోగించేవారు.

2024 మే నెల. బయట నలభై డిగ్రీల ఎండ. ఓ మధ్యాహ్నం చూస్తే ప్లేయర్ వెనక మూత ఒకపక్క పైకి లేచి ఉంది. ఊడిందేమోనని బొటనవేలితో అదుముతుంటే మనవరాలు చూసింది. అప్పుడు జోలపాట విన్న పిల్లే. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

‘‘నొక్కొద్దు తాతయ్యా! లోపల బ్యాటరీ ఉబ్బింది.’’

‘‘అదెలాగమ్మా? రోజూ నిండుగా ఛార్జింగ్ పెడుతూనే ఉన్నా కదా...’’

‘‘అందుకే ఉబ్బింది తాతయ్యా.’’

ఆయనకి నోట మాట రాలేదు. కాపాడుతున్నానని ఇన్నేళ్లూ అనుకుంటున్న పనే ఇంత పని చేసిందా? అంతకన్నా పెద్ద భయం మరొకటి. బ్యాటరీ పోతే పాటలూ పోయినట్టేనా?

మనవరాలు ఛార్జర్ తీసేసింది. ప్లేయర్‌ని ఓ స్టీలు గిన్నెలో పెట్టి, బట్టలూ కాగితాలూ లేనిచోట, నీడలో ఉంచింది. మర్నాడు తాతామనవరాళ్లు అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కి వెళ్లారు. సెల్‌ఫోన్ల రిపేర్లకి పెట్టింది పేరది. మూడు దుకాణాల వాళ్లు ‘ఇది ఫోన్ కాదు’ అనేశారు. నాలుగో దుకాణం కుర్రాడు మాత్రం ప్లేయర్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘‘పాటలు బ్యాటరీలో ఉండవు పెద్దాయనా, మెమరీలో ఉంటాయి. కరెంటు లేకపోయినా ఎక్కడికీ పోవు’’ అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన ప్రాణం లేచొచ్చింది. ఉబ్బిన బ్యాటరీని జాగ్రత్తగా విడదీసి, అదే వోల్టేజీ, అదే సైజు ఉన్నదాన్ని వెతికి అతికించడానికి రెండు గంటలు పట్టింది. అక్కడే కంప్యూటర్లో పెట్టి పాటలన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారు. రాత్రికల్లా కాపీలు అమెరికాలోని కొడుక్కీ చేరాయి.

లిథియం లెక్కే వేరు

లిథియం అయాన్ బ్యాటరీని మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది సోనీ సంస్థ, 1991లో. దీనికి పునాదులు వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది. దీనికి మెమరీ ఎఫెక్ట్ బాధ లేదు. కాబట్టి పూర్తిగా అయిపోయేదాకా ఆగక్కర్లేదు. నిజానికి అలా ఆగడమే నష్టం. ఇది భరించలేనివి రెండు చివరలు... పూర్తిగా నిండటం, పూర్తిగా ఖాళీ కావడం. దానికి తోడు వేడి.

నిండా ఛార్జ్ అయిన సెల్‌లో వోల్టేజీ 4.2 దాకా ఉంటుంది. అంత ఒత్తిడి మీద గంటలూ రోజులూ ఉంచితే లోపలి ద్రవం మెల్లగా విచ్ఛిన్నమవుతుంది. వేడి తోడైతే ఇంకా వేగంగా. అప్పుడు పుట్టే వాయువు బయటికి పోయే దారి లేక సంచీలాంటి పైపొరని ఉబ్బిస్తుంది. బ్యాటరీలను పరీక్షించే పరికరాలు తయారుచేసే కెనడా సంస్థ క్యాడెక్స్ అంచనాలు చూడండి. 25 డిగ్రీల దగ్గర, 40 శాతం ఛార్జింగ్‌తో ఏడాదిపాటు పక్కన పెట్టిన బ్యాటరీకి 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే బ్యాటరీని నిండా నింపి 40 డిగ్రీల వేడిలో ఉంచితే మిగిలేది 65 శాతమే! హబ్సిగూడ ఇంట్లో పడమటి కిటికీ పక్కన జరిగింది అచ్చంగా రెండోదే.

ఛార్జింగ్ లెక్క కూడా చాలామంది అనుకునేలా ఉండదు. ప్లగ్‌లో పెట్టిన ప్రతిసారీ ఒక ‘సైకిల్’ అయిపోదు. ఈరోజు సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒక్కటే సైకిల్. తమ ఐపాడ్ బ్యాటరీ 400 పూర్తి సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం దాకా సామర్థ్యం నిలుపుకొనేలా తయారైందని యాపిల్ చెప్పేది. అంటే కొంచెం కొంచెంగా ఎన్నిసార్లు ఛార్జింగ్ పెట్టినా భయపడాల్సిన పనిలేదు.

ఏ జాగ్రత్త ఉంచాలి, ఏది వదలాలి?

ఎండలో పెట్టడం: వెంటనే మానెయ్యాలి. పాత సెల్‌కి ప్రాణం పోసిన ఎండే లిథియం బ్యాటరీకి శత్రువు. కారు డ్యాష్‌బోర్డు, కిటికీ గట్టు, టీవీ వెనక వేడిగా ఉండే చోటు... ఇవేవీ పాటల పెట్టె ఉంచాల్సిన చోట్లు కావు.

పూర్తిగా ఖాళీ చేయడం: ఇదీ వద్దు. 20 శాతానికి తగ్గకముందే పెట్టడం, 80 దగ్గర తీసేయడం మంచి అలవాటు. చాలా కొత్త ఫోన్లలో 80 శాతం దగ్గర ఆపేసే ఏర్పాటు ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లో పిల్లలు ఓసారి సెట్ చేసిపెడితే సరి.

వాడనప్పుడు సెల్స్ తీసేయడం: ఇది ఇప్పటికీ శిరోధార్యమే. రిమోట్లు, టార్చిలైట్లు, పాత రేడియోల విషయంలో తప్పకుండా పాటించాలి. బ్యాటరీ బయటికి రాని ప్లేయరైతే సగం ఛార్జింగ్‌తో ఆపేసి చల్లటిచోట దాచాలి. మూణ్నాలుగు నెలలకోసారి చూసి మళ్లీ సగం దాకా నింపితే చాలు. నిండా నింపీ దాచొద్దు, ఖాళీగానూ వదిలెయ్యొద్దు.

రివైండ్ చేయకపోవడం: టేపు పోయినా సూత్రం మిగిలింది. అనవసరమైన పని తగ్గిస్తే బ్యాటరీ మిగులుతుంది. తెర వెలుగు తగ్గించడం, ఈక్వలైజర్ ఆపేయడం, వాల్యూమ్ కాస్త తగ్గించడం... అన్నీ కలిసొచ్చేవే. రోజూ మెట్రోలో వెళ్తూ ఫోన్లో పాటలు వినేవాళ్లు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే మంచిది. సిగ్నల్ సరిగా అందనిచోట నెట్ నుంచి పాట లాగడానికి ఫోను రెట్టింపు తిప్పలు పడుతుంది.

ఉబ్బితే: నొక్కొద్దు, గుచ్చొద్దు, మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు. తెలిసినవాళ్లతోనే తీయించాలి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు సేకరించేవాళ్లకి ఇవ్వాలి. వాడేసిన బ్యాటరీల్ని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యతను 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి.

మూత తెరుచుకునే రోజు

ఒకప్పుడు వెనక మూత తీసి సెల్స్ మార్చడం అయిదేళ్ల పిల్లాడికి కూడా వచ్చు. ఇవాళ చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్‌లో బ్యాటరీ పోతే వస్తువే పోయినట్టు. దానికి తోడు వాడనంతసేపూ డబ్బాలో కూర్చుని నిండుగా ఛార్జ్ అవుతూనే ఉంటుంది. అంటే హబ్సిగూడ పెద్దాయన చేసిన పనే ఆ డబ్బా కూడా చేస్తోంది! కొన్ని కంపెనీలు మన అలవాట్లు గమనించి ఛార్జింగ్‌ని మధ్యలో ఆపే ఏర్పాటు ఇప్పటికే తెచ్చాయి. యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు ముందుకేసింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి, కొన్ని మినహాయింపులు పోను, చేతిలో ఇమిడే పరికరాల బ్యాటరీని వాడకందారులే తీసి మార్చుకునేలా ఉండాలంటూ 2023లో చట్టం చేసింది. పాత రేడియో వెనక మూతకి మళ్లీ మంచిరోజులొచ్చినట్టే.

మౌలాలి సెల్స్‌తో పాటలు విన్న తరానికి పొదుపు నేర్పాల్సిన పనిలేదు. కావాల్సిందల్లా ఆ పొదుపుకి కాస్త కొత్త సమాచారం. లోపలున్నది జింకా, నికెలా, లిథియమా అన్నది తెలిస్తే జాగ్రత్త దానంతటదే దారిలో పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకోటుంది. ఎంత బాగా చూసుకున్నా బ్యాటరీ ఏదో ఒకరోజు పోయేదే. గొంతు పోకూడదు. కరెంటు లేకపోయినా మెమరీలో పాటలు ఉంటాయన్నది నిజమే కానీ, ఏళ్ల తరబడి ముట్టుకోకుండా వదిలేస్తే మెమరీ చిప్ కూడా మెల్లగా మరిచిపోవచ్చు. అందుకే ఈ ఆదివారం ఓసారి బీరువా సొరుగు తెరవండి. అడుగున పాత ప్లేయరో, మూలపడ్డ ఫోనో ఉండే ఉంటుంది. మూత ఉబ్బిందేమో ముందు చూడండి. బాగుంటే సగం ఛార్జింగ్ పెట్టి, అందులో ఏమున్నాయో వినండి. సినిమా పాటలైతే పోయినా ఎక్కడైనా దొరుకుతాయి. మనింటివాళ్ల మాటో, పాటో వినిపిస్తే మాత్రం సాయంత్రంలోగా ఇంకో రెండుచోట్ల దాచుకోండి.